బిజిలీ నిలబడిన ఆదివారం

మా యూసుఫ్ మామూ ఇంతవరకూ గుర్రం ఎక్కలేదంటే ఎవరూ నమ్మరు. బోయిగూడలో సగం మంది మగవాళ్లను పెళ్లిరోజున గుర్రం ఎక్కించింది ఆయనే. కానీ ఆయన పని లగాం పట్టుకుని ముందు నడవడం. జీను మీద చోటు నౌషాది, అంటే పెళ్లికొడుకుది, గుర్రాన్ని సాకేవాడిది కాదు అంటాడు. పోనీ తన పెళ్లికైనా ఎక్కాడా అంటే అదీ లేదు. ఆ రోజుకే గుర్రాన్ని వేరే బారాత్‌కు ఒప్పుకుని ఉన్నాడట. మాట తప్పడం ఎందుకని గుర్రాన్ని అక్కడికి పంపి, తను ఆటోలో వెళ్లి నిఖా చేసుకున్నాడు. జన్నత్ మామీ ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు. ఆయన ఎప్పుడైనా గొప్పలకు పోతే "ఆటో దూల్హా" అంటుంది. ఆయన నోరు మూసుకుంటాడు.

ఇప్పుడున్న గుర్రం బిజిలీ. తెల్లటి ఆడగుర్రం, ముక్కు దగ్గర మాత్రం లేత గులాబీ రంగు. అమ్మినవాడు ఏం చూసి దానికి మెరుపు అని పేరు పెట్టాడో తెలియదు. బ్యాండు వాళ్లే దానికోసం ఆగాలి, అంత నెమ్మది.

మామూ దానికి నేర్పిన వాటిలో ఆయనకు బాగా ఇష్టమైనది ఒకటుంది. బారాత్‌లో పటాకులు పేలితే గుర్రాలు బెదురుతాయి. అందుకని బిజిలీ చిన్నదిగా ఉన్నప్పుడే, కట్టెల అడితి వెనక రేకుల షెడ్డులో, మామూ దాని పక్కన నిలబడి ఎవరిచేతనో పటాకులు కాల్పించేవాడు. ఢాం అనగానే దాని నుదుటి మీద అరచెయ్యి పెట్టేవాడు. రెండో చేత్తో జేబులోంచి బెల్లం ముక్క తీసి నోటికి అందించేవాడు. మళ్లీ ఢాం, మళ్లీ చెయ్యి, మళ్లీ బెల్లం. చివరికి ఎలా తయారైందంటే, చప్పుడు ఎక్కడ అయినా బిజిలీ ఉన్నచోటే నాలుగు కాళ్లూ పాతుకుని నిలబడి, మెడ తిప్పి మామూ కోసం చూస్తుంది. ఆయన వచ్చి నుదురు ముట్టి బెల్లం పెట్టేదాకా కదలదు. బిజిలీ వీపు మీద నుంచి ఒక్క పెళ్లికొడుకు కూడా కింద పడలేదని మామూకు చాలా గర్వం.

బిజిలీ మెడలో వేసే అద్దాల పట్టీలు, నుదుటి మీది ముత్యాల జాలరు కుట్టేది నేను. పదో తరగతి సగంలో ఉండగా అమ్మీకి కాళ్లు పడిపోయాయి. నేను బడి మానేసి ఇంట్లో ఉండిపోయాను. మా గది, మామూ వాళ్ల గది ఒకే వరండాలో ఉంటాయి. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని కుడుతూ, వచ్చేపోయేవాళ్లను చూస్తూ ఉంటాను. నన్ను ఎవరైనా చూస్తే మాత్రం తల వంచుకుంటాను. అందుకే మామూ ఆ ఆదివారం పొద్దున బిజిలీని పందేలకు తీసుకెళుతూ "జెబా, నువ్వు సుత రా బిడ్డా, దాని సామాను నీ చేతికే అలవాటు" అన్నప్పుడు నేను సూది కింద పెట్టలేదు. మామీయే ఇంకాస్త బెల్లం వేసిన సంచి నా చేతిలో పెట్టి వరండా మెట్లు దింపింది.

వెళ్లక తప్పని పరిస్థితి కూడా ఉంది. అడితి యజమాని ఆ స్థలాన్ని ఫ్లాట్లు కట్టేవాళ్లకు ఇచ్చేశాడు. నెలాఖరుకు షెడ్డు ఖాళీ చెయ్యాలి. బోయిగూడలో మనిషికి గది దొరకడమే కష్టం, గుర్రానికి ఎవరిస్తారు? బారాత్‌లు కూడా తగ్గిపోయాయి. పెళ్లికొడుకులు ఇప్పుడు టాపు లేని కార్లలో నిలబడి వెళుతున్నారు. ఖలీల్ సేట్ అనే బేరగాడు వచ్చి బిజిలీ పళ్లు చూసి, వీపు తట్టి వెళ్లాడు. కొని ఎక్కడికి తీసుకుపోతావని మామూ అడిగితే "దూరం" అన్నాడు. ఎంత దూరమో చెప్పలేదు. ఆ రాత్రి నుంచి మామూ సరిగ్గా తినడం లేదు.

అలాంటప్పుడు మెట్టుగూడ భద్రయ్య ఒక కబురు తెచ్చాడు. ఆయనదీ పెళ్లిగుర్రమే. కార్ఖానా అవతల, మిలిటరీ వాళ్ల ఇళ్లు దాటాక, గుర్రపు స్వారీ క్లబ్బు ఒకటి ఉంది. డాక్టర్లు, కంప్యూటర్ ఉద్యోగాల వాళ్లు, రిటైరైన ఆఫీసర్లు సరదాకు గుర్రాలెక్కే చోటు. ప్రతి చలికాలం ఒక ఆదివారం వాళ్లలో వాళ్లే పందేలు పెట్టుకుంటారు. జాకీలు ఉండరు, పందెం కాయడం ఉండదు. ఆఖరి పందెం మాత్రం బయటి గుర్రాలకు. గుర్రం మనది, ఎక్కేది వాళ్ల మనిషి, ఎవరు ఏ గుర్రం ఎక్కాలో చీటీ తీస్తారు. క్లబ్బు సెక్రటరీ జకర్యా సార్ భద్రయ్యతో అన్నారట, "మంచి గుర్రం కనబడితే మా లాయంలో చోటు చూద్దాం" అని.

మంచి గుర్రం అంటే పందెం గెలిచే గుర్రం అని మామూ అనుకున్నాడు. మేమందరం అలాగే అనుకున్నాం. చలికాలం మొదలైనప్పటి నుంచి ఆయన తెల్లవారుజామునే బిజిలీని మెట్టుగూడ వైపు రైల్వే మైదానానికి తీసుకెళ్లి పరుగు నేర్పించాడు. ఒకరోజు నేనూ వెళ్లి చూశాను. బెల్లం ముక్క చూపిస్తూ ముందు మామూ పరిగెత్తుతున్నాడు, వెనక బిజిలీ వస్తోంది. ఇద్దరిలో ఎక్కువ పరిగెత్తింది ఎవరో చెప్పలేను. కానీ మామూ రొప్పుతూ వచ్చి, "చూసినవా, గాలి లెక్క వస్తున్నది" అన్నాడు. నేను తల ఊపాను.

మేము స్టేషన్ ముందు నుంచి, ప్యాట్నీ దాటి, కార్ఖానా మీదుగా నడిచి వెళ్లేసరికి బాగా ఎండెక్కింది. మైదానం చుట్టూ తెల్లతాడు కట్టారు. ఒక పక్క షామియానా, కుర్చీలు, మైకు. నాకు అక్కడ ఎవరు పెద్దవాళ్లో, ఎవరు పనివాళ్లో తెలియలేదు. ఒకాయన బూట్లకు పేడ అంటించుకుని, చేతులతో గడ్డి ఎత్తి పోస్తున్నాడు. మామూ ఆయన్ని "అన్నా, జెర జరుగు" అన్నాడు. ఆయన జరిగాడు. కాసేపటికి అందరూ ఆయన్ని "డాక్టర్ సాబ్" అని పిలవడం వినిపించింది. ఇస్త్రీ బట్టల్లో, నల్ల కళ్లద్దాలతో ఉన్న ఇంకొకాయనకు మామూ సలాం చేశాడు. ఆయన ఎవరిదో కారు డ్రైవరు. తిరిగి సలాం చేసి, "టీ ఎక్కడిస్తున్నరు భాయ్?" అని మమ్మల్నే అడిగాడు.

భద్రయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆయన గోధుమరంగు గుర్రం రాజా చెవులు వెనక్కి పెట్టి అటూ ఇటూ తిరుగుతోంది. అది తాడు ఊగినా బెదురుతుంది.

"ఏంది యూసుఫ్ భాయ్, గుర్రాన్ని తెచ్చినవ్, నౌషాను ఏడ మర్చిపోయినవ్?" అన్నాడు భద్రయ్య.

"నీ గుర్రం నౌషాను యాడికి ఎత్తుకపోయిందో ముందు గది చెప్పు. మెట్టుగూడ పిలగాన్ని పటాకులకు బెదిరి రైల్వే గేటు దాక తీసుకపోలే?"

"తీసుకపోయింది. మల్ల తెచ్చి మండపం కాడనే దించింది. ముహూర్తం సుత తప్పలే. నీ గుర్రమైతె పిలగాడు ముసలోడైనంక చేరుస్తది."

మామూ నవ్వాడు కానీ, జేబులో బెల్లం పొట్లాన్ని ఊరికే తడుముకుంటున్నాడు. ఆయనకు భయంగా ఉన్నప్పుడు అలా చేస్తాడు.

పందేలు మొదలయ్యాయి. ఒకాయన ఎర్రజెండా దించితే గుర్రాలు బయలుదేరుతున్నాయి. మైకులో అంతా ఇంగ్లీషే. ఏ గుర్రం పేరు చదువుతున్నారో, ఏది ఎవరిదో అర్థం కాలేదు. మొదటి పందెంలో సన్నటి కుర్రాడు అందరికంటే ముందు వచ్చి, గుర్రం దిగి, నీళ్లు తాగుతూ పక్కకి వెళ్లిపోయాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చాలాసేపటికి ఆఖరున ఒక లావుపాటాయన వచ్చాడు. ఆయన టోపీ ఎక్కడో పడిపోయింది. ఆయనకు మాత్రం అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన గుర్రం మెడ కౌగిలించుకుని ఏడ్చినంత పని చేశాడు. భార్య ఫోటోలు తీసింది.

"మామూ, ఎవరు గెలిచిన్రు?" అని అడిగాను.

"తెల్వదు బిడ్డా. చప్పట్లు ఆపినంక అడుగుదాం."

చప్పట్లు ఆగాక కూడా మేము ఎవర్నీ అడగలేదు. తర్వాతి పందెంలో ఒకమ్మాయి మలుపు దగ్గర కింద పడింది. అందరూ పరిగెత్తారు. ఆమె లేచి మట్టి దులుపుకుని, నవ్వుతూ గుర్రాన్ని నడిపించుకుని వచ్చింది. దానికీ చప్పట్లే. ఇక్కడ ఏం చేస్తే మంచిదో, ఏం చేస్తే తప్పో నాకు పాలుపోలేదు. మైకులో ఒక్క మాట మాత్రం తెలుగులో చెప్పారు. పందెం జరుగుతున్నప్పుడు ఎవరూ తాడు దాటి లోపలికి రాకూడదు, వస్తే వాళ్ల గుర్రాన్ని పందెంలోంచి తీసేస్తారు. మామూ ఆ మాట నాకు రెండుసార్లు చెప్పాడు, నేనేదో లోపలికి పరిగెత్తేదాన్ని అయినట్టు.

మధ్యాహ్నం చీటీలు తీశారు. బిజిలీ ఎలీనా అనే ఆమెకు వచ్చింది. ముప్పై ఏళ్ల లోపే ఉంటుంది. బ్యాంకులో ఉద్యోగమట, ఉండేది మెట్టుగూడ, సెలవు రోజుల్లో ఇక్కడికి వచ్చి స్వారీ నేర్చుకుందట. ఆమె వచ్చి ముందు బిజిలీని పలకరించింది. తర్వాత మామూని, తర్వాత నన్ను. నేను సంచి వెనక్కి జరిగాను.

"అంకుల్, దీనికి ఏమైనా అలవాట్లున్నాయా? ముందే చెప్పేయండి. ఎక్కినంక తెలిస్తే నాకు కష్టం."

మామూ బాగా ఆలోచించాడు. "మంచిది మేడమ్. కొరకది, తన్నది. సెంటు వాసన ఎక్కువైతె తుమ్ముతది. గంతే."

పటాకుల సంగతి ఆయనకు గుర్తు రాలేదు. నాకూ రాలేదు. అది అలవాటని మేము ఎప్పుడూ అనుకోలేదు కదా, అది దాని గుణం. పైగా అక్కడ పటాకులు ఎక్కడివి? పొద్దున్నుంచీ జెండాయే చూస్తున్నాం.

జాలరు, పట్టీలు తీసెయ్యమన్నారు. నేను ఒక్కొక్కటే విప్పి సంచిలో పెట్టాను. వాళ్ల సన్నటి తోలు జీను వేశాక బిజిలీ ఎవరిదో గుర్రంలా కనిపించింది. ఎలీనా ఎక్కుతుంటే మామూ కాలు కింద చేతులు పట్టి లేపాడు. వెంటనే అలవాటుగా చుట్టూ చూశాడు. దేనికోసమో నాకు అర్థమైంది. పెళ్లికొడుకు ముందు ఒక చిన్నపిల్లవాడిని కూర్చోబెడతారు కదా, వాడికోసం. లేడని గుర్తొచ్చి చేతులు కిందికి దించేశాడు.

"మేడమ్," అన్నాడు చివరికి, "ఇది గెలిస్తె దీనికి ఈడ చోటిస్తరట. నెలాఖరుకు దీని ఇల్లు పోతున్నది. జెర గట్టిగ కూసోండ్రి."

ఎలీనా ముఖంలో నవ్వు తగ్గింది. "నేను ఇంతవరకూ ఒక్కటీ గెలవలేదు అంకుల్," అంది. "కానీ చూస్తా."

బయటి గుర్రాలన్నిటినీ షామియానా ముందు వరసగా నిలబెట్టారు. వరస అంటే వరస కాదు. ఒకటి అటు తిరిగి, ఒకటి ఇటు తిరిగి ఉన్నాయి. రాజా అయితే పక్క గుర్రాన్ని కరవబోయింది. జెండా పట్టుకున్నాయన చేతులెత్తేశాడు. అప్పుడు జకర్యా సార్ కుర్చీలోంచి లేచారు. నెత్తి మీద తెల్ల టోపీ, మెడలో విజిల్. ఆయన చాలా ఏళ్లు ఒక స్కూల్లో పీటీ మాస్టారుగా చేశారట.

"ఈ గుర్రాలకి జెండా చూపిస్తే ఏం తెలుస్తుందయ్యా? ఎప్పుడైనా చూశాయా జెండాని? ఉండండి," అని తన సంచిలోంచి స్కూలు పరుగు పందేలకు వాడే చిన్న పిస్తోలు తీశారు. నేను అది చూశాను. చూసి కూడా నాకు ఏమీ తట్టలేదు. మామూ పెదాలు కదులుతున్నాయి, దువా చదువుకుంటున్నాడు.

ఢాం అంది.

గుర్రాలన్నీ ఒక్కసారిగా దూకాయి. రాజా అయితే గాల్లోకి లేచి, మీద కూర్చున్న ఆయన కేకలు పెడుతుండగా అందరికంటే ముందు దూసుకుపోయింది. దుమ్ము లేచింది. ఆ దుమ్ము తగ్గాక చూస్తే బిజిలీ అక్కడే ఉంది. నాలుగు కాళ్లూ పాతుకుని, తెల్లగా, విగ్రహంలాగా. ఎలీనా మడమలతో పొడుస్తోంది, నాలుకతో చప్పుడు చేస్తోంది, బతిమాలుతోంది. బిజిలీ మాత్రం మెడ తిప్పి జనంలో ఎవరికోసమో చూస్తోంది.

జనం నవ్వడం మొదలుపెట్టారు. "స్టార్టింగ్ ట్రబుల్!" అని ఎవరో అరిచారు. "నెట్టండన్నా నెట్టండి!" అని ఇంకొకరు.

దానికి జబ్బు చేసిందేమో అనుకున్నాను. కాలు పట్టేసిందేమో అనుకున్నాను. పక్కకి తిరిగి చూస్తే మామూ కుడిచెయ్యి తనంతట తానే జేబులోకి వెళ్లి ఉంది. బెల్లం ముక్క పట్టుకుని సగంలో ఆగిపోయి ఉంది. ఆయన ఆ చేతిని తనది కానట్టు చూసుకుంటున్నాడు. అప్పుడు నాకు తెలిసింది.

"యా అల్లా," అన్నాడు మామూ. "నేనే నేర్పిన బిడ్డా. నేనే."

"మామూ, పిలువు దాన్ని."

"పిలిస్తె రాదు. చెయ్యి పెట్టాలె." ఆయన తాడు పట్టుకున్నాడు. "నేను లోపలికి పోతె ఖతం. పోకపోతె సుత ఖతం."

ఇంతలో మైదానం అవతలి మలుపు దగ్గర దుమ్ము కనిపించింది. గుర్రాలు చుట్టు తిరిగి ఇటే వస్తున్నాయి, ముందు రాజా. దాని మీద ఆయన చేతుల్లో లగాం ఉందో లేదో కూడా తెలియడం లేదు. బిజిలీ సరిగ్గా వాటి దారిలో నిలబడి ఉంది. దాని మీద ఎలీనా. నవ్వుతున్నవాళ్లు ఆగిపోయారు. జకర్యా సార్ విజిల్ ఊదుతున్నారు. ఎవరికోసమో, ఏం చెయ్యమనో తెలియదు.

మామూ తాడు కింద నుంచి దూరి వెళ్లాడు. పరిగెత్తలేదు. బారాత్‌లో నడిచినట్టే నడిచాడు. ఎందుకు పరిగెత్తడో అప్పుడు నాకు తెలియలేదు. తర్వాత ఇంటికొచ్చాక చెప్పాడు, తను కంగారు పడితే అదీ కంగారు పడుతుందట. వెళ్లి నుదుటి మీద అరచెయ్యి పెట్టాడు. బెల్లం పెట్టాడు. బిజిలీ నింపాదిగా నమిలింది. అప్పుడు లగాం పట్టుకుని తాడు వారకు తీసుకొచ్చాడు. వాళ్లు పక్కకు రావడం, గుర్రాలు పక్కనుంచి పోవడం ఒకేసారి జరిగింది. గాలికి ఎలీనా జుట్టు లేచింది.

రాజాయే మొదట వచ్చింది. వచ్చి ఆగలేదు. గెలుపు గీత దాటి అలాగే ఇంకో చుట్టు వెళ్లిపోయింది. "ఆపుర్రి! ఎవరన్న ఆపుర్రి! గెలిసినం, చాలు!" అని భద్రయ్య దాని వెనక పరిగెత్తాడు.

మామూ బిజిలీని బయటికి తీసుకురాబోయాడు. ఎలీనా వంగి ఆయన చెవిలో ఏదో అంది. ఆయన అడ్డంగా తల ఊపాడు. ఆమె మళ్లీ అంది. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. తర్వాత మామూ లగాం సర్దుకుని మైదానం చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. "చుట్టు పూర్తి చెయ్యకుంటే నేను దిగను అంకుల్" అందట ఆమె.

అది బారాత్ నడకే. ముందు మామూ, వెనక బిజిలీ, మీద ఎలీనా. మొదట ఆమె సిగ్గుపడి నవ్వింది, తర్వాత వీపు నిటారు చేసి నిజంగా నౌషాలాగే కూర్చుంది. కుర్రాళ్లు కొంతమంది కుర్చీల మీద డప్పు వాయించారు. పందెం అయిపోయింది కాబట్టి ఇద్దరు ముగ్గురు తాడు దూకి వాళ్ల ముందు చేతులెత్తి నాట్యం చేశారు. పొద్దున ఏడ్చిన లావుపాటాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆయన కొడితే అందరూ కొట్టారు. అది ఎగతాళా, మెచ్చుకోలా? నాకు తెలియలేదు. మామూకు కూడా తెలియలేదు. నా ముందు నుంచి వెళుతూ నన్ను చూసిన చూపులో అదే ప్రశ్న ఉంది. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

అంతా అయ్యాక మామూ చేతులు కట్టుకుని జకర్యా సార్ ముందు నిలబడ్డాడు.

"లోపలికొచ్చావుగా. లెక్కలోకి రాదు మరి," అన్నారాయన.

"తెలుసు సార్."

"అది సరే. ఆ గుర్రం పక్కన పిస్తోలు పేలితే చెవైనా కదపలేదేవయ్యా?"

"తప్పయింది సార్. నేను నేర్పింది పెండ్లిండ్లకు. గిక్కడ పనికి రాదని తెల్వలే."

"పనికి రాదని ఎవరన్నారు? మా దగ్గర చిన్నపిల్లలు స్వారీ నేర్చుకుంటారు. పక్కనే మిలిటరీ వాళ్లు కాల్పులు ప్రాక్టీసు చేసిన ప్రతిసారీ మా గుర్రాలు పిల్లల్ని పడేస్తాయి. మొన్నొక పాప చెయ్యి విరిగింది." ఆయన బిజిలీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. "దీన్ని మాకివ్వు. లాయంలో పెట్టుకుంటాం. దాణా, వైద్యం అన్నీ మావే."

మామూ బిజిలీ వైపు చూశాడు. "మరి నేను సార్?"

"నీకేం? ఎప్పుడైనా వచ్చి చూసుకో. మాకు గుర్రాలు చూసుకునే సైసులున్నారుగా."

నేను మామూ ముఖం చూశాను. మేము వచ్చింది దీనికోసమే కదా, దొరికింది కదా అనుకున్నాను. బిజిలీకి చోటు దొరికింది. ఖలీల్ సేట్ దానిని ఎక్కడికో తీసుకుపోడు. మరి ఎందుకు నాకు సంచి ఇంత బరువుగా ఉంది? మామూ లగాం ఒక సైసు చేతిలో పెట్టాడు. ఖాళీ అయిన ఆయన చెయ్యి వెంటనే ఏం చెయ్యాలో తెలియక చొక్కా గుండీ పట్టుకుంది.

సైసు బిజిలీని లాయం వైపు నడిపించాడు. అదీ మాట వినే జీవమే, వెళ్లింది. అప్పుడే డాక్టర్ సాబ్, ఇంకొందరు వచ్చి ఇదేం గుర్రం, నిజంగానే బెదరదా అని అడుగుతుంటే, జకర్యా సార్‌కు వాళ్లకు చూపించాలని ముచ్చట పుట్టింది. పిస్తోలు పైకెత్తి పేల్చారు.

బిజిలీ దారి మధ్యలో నిలబడిపోయింది.

"చూశారా!" అన్నారు సార్. అందరూ భలే అన్నారు. సైసు లగాం లాగాడు. లాగి చూశాడు, తట్టి చూశాడు, క్యారెట్ చూపించాడు. ఇంకో సైసు వచ్చి వెనక నుంచి నెట్టాడు. ఎలీనా వచ్చి బతిమాలింది. నా సంచిలోంచి బెల్లం తీసుకుని ఎవరో నోటి దగ్గర పెడితే బిజిలీ మూతి పక్కకి తిప్పుకుంది. దాని వెనక ఇంటికి వెళ్లాల్సిన కార్లు ఆగిపోయాయి. ఒకాయన హారన్ కొట్టాడు. బిజిలీ మెడ తిప్పి మామూని చూస్తోంది. మామూ కదలలేదు.

జకర్యా సార్ టోపీ తీసి తల గోక్కున్నారు. "ఇదిలా ఎంతసేపు నిలబడుతుందయ్యా?"

"నేనొచ్చెదాక సార్."

మామూ ఆ మాట కావాలని అన్నాడో, ఉన్న సంగతి చెప్పాడో నాకు తెలియదు. గొంతులో అతి తెలివి ఏమీ లేదు. అడిగినదానికి జవాబు, అంతే. కానీ ఆయన కాళ్లు బిజిలీ కాళ్లలాగే పాతుకుని ఉన్నాయి.

సార్ ఆగిన కార్లను చూశారు, సైసులను చూశారు, మామూని చూశారు. భద్రయ్య అప్పుడే రాజాను పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు, తన మెడలో గెలిచినవాళ్లకు ఇచ్చే రిబ్బన్ ఉంది. "సార్, గా ఇద్దర్నీ విడదీసుడు పోలీసోళ్లతోని సుత కాదు," అన్నాడు. "మేము మెట్టుగూడల అందరం చూసి చూసి వదిలేసినం."

సార్‌కు నవ్వొచ్చింది. "సరేనయ్యా. ఇద్దరూ రండి. నెలాఖరు దాకా ఎందుకు, రేపే రండి. కానీ పని పనే. పొద్దున్నే నువ్వే ఎక్కి దాన్ని మైదానం చుట్టూ తిప్పాలి, పిల్లలు రాకముందు."

"ఎక్కాల్నా సార్?" మామూ జేబు తడుముకున్నాడు.

"ఎక్కక? మోస్తావా?"

మామూ వెళ్లి బిజిలీ నుదుటి మీద చెయ్యి పెట్టి బెల్లం తినిపించాడు. కార్లు కదిలాయి.

బిజిలీని నడిపించుకుంటూ తిరిగి వచ్చేటప్పుడు ఆయన "ఓడినమా బిడ్డా?" అని అడిగాడు. "లెక్కలోకి రామట కదా" అన్నాను. "మరి భద్రయ్యకు రిబ్బన్ ఇచ్చిన్రు, పంపిచ్చిన్రు. మనల్ని రమ్మన్నరు" అన్నాడు. ఇద్దరం ఆలోచిస్తూ నడిచాం.

ప్యాట్నీ దగ్గర ఎవరిదో పెళ్లి ఊరేగింపు ఎదురైంది. పెళ్లికొడుకు టాపు లేని కారులో నిలబడి ఉన్నాడు. నేను అనుకునేలోపే పటాకులు పేలాయి.

బిజిలీ రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. మామూ నుదుటి మీద చెయ్యి పెట్టి, జేబులో చెయ్యి పెట్టి, రెండో జేబులో కూడా పెట్టాడు. బెల్లం అయిపోయింది. నా సంచిలోదీ మైదానంలోనే అయిపోయింది. వెనక సిటీ బస్సు ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏందన్నా, బండి ఖరాబైందా? మెకానిక్కును పిలువాల్నా?" అన్నాడు. బస్సులో వాళ్లంతా కిటికీల్లోంచి మమ్మల్నే చూస్తున్నారు.

"జెబా," అన్నాడు మామూ. చెయ్యి తియ్యడానికి లేదు, ఆయన కదలడానికి లేదు.

రోడ్డు అవతల టీ కొట్టు ఉంది. నేను తల వంచుకుని దాటాను. టీ కొట్టు ఆయన "ఎన్ని చాయ్?" అన్నాడు.

"చాయ్ వద్దు. కొంచెం చక్కెర."

"ఎవరికి?"

"గుర్రానికి," అన్నాను. నా మాట నాకే గట్టిగా వినిపించింది.

ఆయన నా భుజం మీదుగా చూశాడు. తెల్లగుర్రాన్ని, దాని నుదుటి మీద చెయ్యి పెట్టుకుని దీనంగా నిలబడ్డ మామూని, వెనక బస్సుల వరసని చూసి, మాట్లాడకుండా కాగితంలో చక్కెర పోసిచ్చాడు. బిజిలీ దాన్ని వాసన చూసింది. ఇది బెల్లం కాదే అన్నట్టు మామూ ముఖం చూసింది. తర్వాత కాగితంతో సహా తినేసి, కదిలింది.

ఇల్లు చేరేసరికి మామీ వరండాలో అన్నం వండుతోంది. అమ్మీ గడప దగ్గర కూర్చుని ఉంది.

"గెలిచిన్రా?" అని అడిగింది మామీ.

మామూ నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. చివరికి నాకు కచ్చితంగా తెలిసినది ఒకటే కనిపించింది.

"రేపటి నుంచి మామూ గుర్రం ఎక్కుతాడట," అన్నాను.

మామీ గరిట కింద పెట్టి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. మామూ గబగబా బిజిలీకి నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయాడు.